మత్తు దిగితే సరిపోదు

ఎడిటర్ గారికి,

ఐస్, క్రిస్టల్, ఎండీఎంఏ, కొకైన్... ఏది పట్టుబడినా మన పత్రికలన్నీ 'మత్తు పదార్థం' అనే రాస్తాయి. నిజానికి ఇవి మత్తులో ముంచేవి కావు, నిద్ర పట్టనివ్వకుండా పరుగులు పెట్టించేవి. ఆ మాట వల్లే ఇంట్లోవాళ్లు మందు మాన్పించినట్టే వీటినీ మాన్పించాలని చూస్తారు. ఇరవై ఒక్క రోజులు డీఅడిక్షన్ సెంటర్లో పెడితే మత్తు దిగి కుర్రాడు దారికొస్తాడనుకుంటారు.

మెత్ (ఐస్, క్రిస్టల్ పేర్లతో అమ్మే మెథాంఫెటమైన్) ఆపాక మొదటి రెండు మూడు రోజులు మనిషి పడి నిద్రపోతాడు. లేస్తే ఆకలి, తిన్నాక మళ్లీ నిద్ర. లేపకండి, నీళ్లూ భోజనమూ అందుబాటులో ఉంచండి. తాగుడు ఒక్కసారిగా మానినవాళ్లకు వచ్చే వణుకు, ఫిట్స్ మెత్ ఒక్కటే వాడినవాళ్లలో సాధారణంగా రావు కాబట్టి, తేలిగ్గా గట్టెక్కాడనుకుంటారు. కనిపెట్టాల్సింది దిగులును. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చేది ఈ రోజుల్లోనే, ఒంటరిగా వదలకూడదు. నిద్ర తీరాక కూడా ఎవరో వెంటపడుతున్నారంటున్నా, గొంతులు వినిపిస్తున్నాయన్నా సైకియాట్రిస్టుకు చూపించాలి. వాడిన తర్వాత ఛాతీ నొప్పి వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయాలి.

అసలు కష్టం రెండో వారం దాటాక. మొహం తేరుకుంటుంది గానీ బిర్యానీ, క్రికెట్, సొంత పిల్లల ఆట, ఏదీ రుచించదు. మామూలు సంతోషానికి డోపమైన్ (మెదడులో హుషారునిచ్చే రసాయనం) స్పందించడం తగ్గిపోయి ఉంటుంది. ఈ చప్పదనం వారాలు, కొందరికి నెలలు. మానేసి ఏడాది దాటినవాళ్ల స్కాన్లలో డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు (డోపమైన్‌ను మోసే ప్రొటీన్లు) చాలావరకు కోలుకున్నట్టు 2001లో అమెరికా పరిశోధకులు చూపారు. ఈలోగా జీతం పడిన రోజు, పాత స్నేహితుడి ఫోన్, పార్టీలో రెండు పెగ్గులు, ఏదైనా వెనక్కి లాగుతుంది. ఇరవై ఒకటో రోజున పంపించేయడమంటే సరిగ్గా ఈ వేళకే గేటు తీయడం. నంబరు మార్చడం, జీతం కొన్నాళ్లు ఇంట్లో మరొకరి ఖాతాలో పడేలా చూడడం, తాగుడుకూ దూరంగా ఉండడం చిన్న పనుల్లా కనిపిస్తాయి గానీ పనిచేసేవి అవే.

హెరాయిన్‌కు బుప్రెనార్ఫిన్ ఉన్నట్టు మెత్‌కు ఆమోదం పొందిన మందేదీ లేదు. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్రలు కలిపి ఇచ్చిన 2021 నాటి ట్రయల్‌లో ఫలితం కనిపించింది నూటికి 13.6 మందిలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.5 మందిలో. కూరలో కలిపిపెట్టే 'గ్యారంటీ' పొడులు అమ్మేవాళ్లను ఏమనాలో మీకే వదిలేస్తున్నాం.

ఇప్పటిదాకా ఎక్కువ ఫలితమిచ్చిన పద్ధతి వినడానికి పిల్లల బహుమతుల్లా ఉంటుంది. వారానికి రెండుసార్లు మూత్ర పరీక్ష. మెత్ కనపడకపోతే అక్కడికక్కడే చిన్న కూపన్, వరుసగా నెగ్గేకొద్దీ దాని విలువ పెంచుతారు. పాజిటివ్ వస్తే ఆ రోజు కూపన్ లేదు, తర్వాత మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలు. తిట్లుండవు, ఎందుకంటే తిడితే తర్వాతి పరీక్షకు రారు. మెత్ మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులే కనపడుతుంది, వారానికి ఒక్కసారే పరీక్షిస్తే తప్పించుకోవచ్చు. కూపన్ నెలాఖరున ఇస్తే ప్రభావం పోతుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి ఇలా చేస్తున్నాయి. మన ప్రభుత్వ సెంటర్లకు ఇది మోయలేని ఖర్చేమీ కాదు.

కేసు భయంతో రానివాళ్ల కోసం ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ, చిన్న మొత్తం (మెత్ 2 గ్రాములు, ఎండీఎంఏ అర గ్రాము) దొరికిన కేసులో గానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరితే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణ తీసేయొచ్చు. ఇక గొలుసులతో కట్టేసే సెంటర్లంటారా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది.

డ్రగ్స్ పట్టివేత వార్తల్లో గ్రాములు, లక్షలు వేస్తున్నారు. వాటి కిందే ఒక్క లైన్లో జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 కూడా వేయగలరా?

— డీఅడిక్షన్ కౌన్సెలర్లు, విశాఖపట్నం