గీత పెట్టిన గ్లాసు

కందుకూరు

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు అడగలేక అడిగిన మాట నాకు అర్థమైంది. “నాన్నకు ఈ క్యాన్సర్ వైరస్ వల్ల వచ్చిందంటున్నారు కదమ్మా, పాపను తీసుకురావచ్చా?” అన్నావు. పక్కనే మీ నాన్న ఉండటంతో సరిగా జవాబు చెప్పలేకపోయాను.

ఆ భయం నీ ఒక్కడిదే కాదు. మీ నాన్న వారం రోజులుగా తన స్టీలు గ్లాసు వేరుగా పెట్టుకుంటున్నారు. దాని అడుగున మేకుతో ఒక గీత గీసుకున్నారు. నీళ్ళు తాగాక తనే కడిగి కిటికీలో బోర్లిస్తున్నారు. ఆ గీత కంటబడినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతోంది.

మొదటినుంచీ చెబుతాను. పొగాకు బ్యారన్లు మండుతున్న రోజుల్లో ముక్కు దిబ్బడ మొదలైంది. వేడికీ ఘాటుకూ అనుకున్నారు. రెండు నెలలు సైనస్ మాత్రలు వాడారు. తర్వాత ముక్కులోంచి నెత్తురు, చెడు వాసన, కంటి కింద వాపు. నెల్లూరులో ముక్క తీసి పరీక్షకు పంపితే, చచ్చిన కండ తప్ప క్యాన్సర్ కనబడలేదని రాశారు. ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఈఎన్‌టీ డాక్టరుకు మాత్రం నమ్మకం కుదరలేదు. “ఇంత కండ ఊరకే చావదమ్మా” అని మళ్ళీ లోతుగా, నాలుగైదు చోట్ల ముక్కలు తీశారు. ఈ జబ్బు గుణమే అంతట. కణాలు రక్తనాళాల చుట్టూ చేరి వాటిని పాడుచేస్తాయి, నెత్తురు అందక చుట్టూ ఉన్న కండ చచ్చిపోతుంది. పైపైన గిల్లితే ఆ చచ్చిన కండే చేతికొస్తుంది. రెండోసారి తీసిన ముక్కల్లో సీడీ56 అనే గుర్తున్న కణాలు కనబడ్డాయి. ఈబర్ అనే పరీక్షలో ఆ కణాల లోపలే వైరస్ జాడ తేలింది. అప్పుడు గాని పేరు పెట్టలేదు: ఎన్‌కే టీ సెల్ లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక క్యాన్సర్. అరుదైనది, త్వరగా ముదిరేది. ఆ డాక్టరు మొదటి రిపోర్టుతో సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను. మాత్రలు రాసినవాళ్ళ మీద కోపం పెట్టుకోకు. నాకూ ఉండేది.

ఇక వైరస్ సంగతి. దాని పేరు ఎప్‌స్టీన్ బార్. 1964లో దాన్ని కనుగొన్నవాళ్ళలో ఇద్దరి పేర్లే దానికి పెట్టారు. అది ఎంగిలి ద్వారా సోకేమాట నిజమే. అయితే పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో అది ఉంటుంది. నాలో, నీలో కూడా ఉండే ఉంటుంది. చిన్నప్పుడు ఎప్పుడో చేరి, ఏ గొడవా చేయకుండా పడుకుని ఉంటుంది. ఎక్కడో ఒకరిలో మాత్రం ఇలా తిరగబడుతుంది. వైరస్ సోకుతుంది గాని క్యాన్సర్ సోకదు. నీకు అన్నం కలిపి గోరుముద్దలు పెట్టిన చేతిని చూసి ఇప్పుడు భయపడకు నాన్నా.

ఇంకా ముక్కు దాటలేదని పెట్ స్కాన్‌లో తేలింది. అదే మాకు కొండంత ధైర్యం. సోమవారం చికిత్స మొదలు. కరెంటు పెడతారు, అదే రేడియేషన్; ఆస్పరాజినేజ్ అనే మందు కలిసిన కీమో ఇస్తారు. ఆస్పరాజిన్ అనే పోషకాన్ని ఈ కణాలు తమకు సరిపడా తయారుచేసుకోలేవట. ఆ మందు నెత్తురులో దాన్ని లేకుండా చేసి వాటిని మాడ్చేస్తుంది. నెత్తురులో వైరస్ ఎంత ఉందో మధ్యమధ్యలో కొలిచి, జబ్బు లొంగుతోందో లేదో చూస్తారు.

కీమో మొదలయ్యాక పాపకు జలుబు ఉంటే ప్రమాదం ఆయనకే. అందుకే ఈ శనివారమే రండి. పాపకు ముక్కు కారుతుంటే మాత్రం ఆగండి, ఆయనకు నేను చెబుతాను.

నిన్న రాత్రి ఆయన ఆ గ్లాసులో సగం మజ్జిగ తాగి పక్కన పెట్టారు. చూస్తుండగానే మిగతాది నేను తాగేశాను. “ఎంగిలి” అన్నారు. “నలభై ఏళ్ళుగా తాగుతున్నదేగా” అన్నాను. చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

సింగరాయకొండలో దిగగానే ఫోను చెయ్యి. మీ మామయ్య బండి తీసుకుని వస్తాడు.

మీ అమ్మ