కాన్పు నొప్పి తగ్గించే మందుకు ముందు ఆమె భాషలో నాలుగు మాటలు

సంపాదకులకు,

భద్రాచలం, ఉట్నూరు, పాడేరు ప్రాంతాల్లో కాన్పుకు వచ్చేవారిలో ఇంట్లో కోయ, గోండి, కువి మాట్లాడేవారు ఉంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల నుంచి ఒడియా తప్ప తెలియనివారూ వస్తారు. నొప్పి ఉందా అని తెలుగులో అడిగితే "ఊ" అంటారు, మత్తు ఇవ్వమంటారా అన్నా "ఊ" అంటారు. అది ఒప్పుకోలు కాదు. పైగా మత్తు అంటే ఆపరేషనే అనుకుని బెదిరిపోయేవారు ఎక్కువ. మౌనంగా భరిస్తున్న మనిషికి నొప్పి తక్కువని సిబ్బంది అనుకోవడం ఇంకా అన్యాయం.

వెన్ను దగ్గర సన్నని గొట్టం పెట్టి కాన్పు నొప్పి తగ్గించే మత్తుమందు ఇచ్చే ఎపిడ్యూరల్‌కు అడుగడుగునా ఆమె మాట కావాలి. రక్తం పలచబడే మందులు వాడుతోందా అన్నది ముందే తెలియాలి. వీపు వంచి కదలకుండా కూర్చోవాలి, నొప్పి మొదలవుతోందని ఆమె చెబితే డాక్టరు సూది ఆపాలి. గొట్టం పెట్టాక అది సరైన చోటే ఉందో లేదో చూడటానికి 3 మిల్లీలీటర్ల పరీక్ష మోతాదు ఇస్తారు. చెవుల్లో గుయ్‌మన్నా, పెదాల చుట్టూ తిమ్మిరెక్కినా మందు రక్తనాళంలోకి పోతున్నట్టు. కాళ్లు ఉన్నట్టుండి బరువెక్కితే వెన్నునీటిలోకి చేరినట్టు. మానిటర్ ఇందులో కొంతే చెబుతుంది. ఒకవైపే నొప్పి తగ్గడం అరుదేమీ కాదు. ఏ వైపు తగ్గలేదో ఆమె చెప్పగలిగితే గొట్టాన్ని కాస్త వెనక్కి లాగి సరిచేయొచ్చు. సుమారు వందలో ఒకరికి తర్వాత, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది. ఊరికి వెళ్లాక అలా వస్తే తిరిగి రావాలని చెప్పి పంపాలి.

నొప్పి తగ్గడానికి మాస్కుతో పీల్చే, సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉండే గ్యాసుదీ ఇదే సంగతి. పూర్తిగా పనిచేయడానికి 50 సెకన్లు పడుతుంది కాబట్టి నొప్పి మొదలవుతూనే పీల్చాలి. ఉధృతి వచ్చేదాకా ఆగితే ఉపశమనం నొప్పి పోయాక వస్తుంది. మాస్కు ఆమే పట్టుకోవాలి, మగత కమ్మితే చెయ్యి దానంతట అదే జారుతుంది. తోడున్నవాళ్లు ముఖానికి అదిమి పట్టకూడదు.

ఇవన్నీ నొప్పుల మధ్య నేర్పేవి కావు. ఏడో నెల పరీక్షకు వచ్చినప్పుడే, ఆమె భాష తెలిసిన ఏఎన్ఎం గానీ ఆశా గానీ చెప్పాలి. చదువురానివారికి కాగితం కన్నా ఫోనులో మూడు నిమిషాల ఆడియో మేలు. "అర్థమైందా" అని అడగడం దండగ, "ఏం చేస్తారో నువ్వు చెప్పమ్మా" అనాలి. కాన్పు గదిలోకి ఒక ఆడతోడును కేంద్రం 2016లోనే అనుమతించింది. ఆ తోడు ధైర్యం చెప్పడానికి, ఆమె బదులు ఒప్పుకోవడానికి కాదు. భర్త "వద్దులెండి" అంటే అది ఆమె జవాబని రాసుకోకూడదు.

కోయ, గోండి, కువి, ఒడియా తెలిసిన సిబ్బంది ఫోన్ నంబర్లు, రాత్రి డ్యూటీవారివి సహా, ప్రతి కాన్పు గది గోడపై ఉండాలి. ఈ పని చేసేవారికి భత్యం ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

– ప్రసూతి సేవల్లో పనిచేస్తున్న మత్తు వైద్యులు, నర్సులు