సోమవారం మీటింగ్: చెఫ్‌ల వీసా విషయం

అందరికీ నమస్కారం అండి.

ఈ సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు జూమ్‌లో మన రెస్టారెంట్ల అసోసియేషన్ మీటింగ్. డిన్నర్ పని మొదలయ్యేలోపే ముగించేస్తాం. లింక్ ఆదివారం రాత్రి ఇక్కడే పెడతాను.

విషయం మీకు తెలిసిందే. 2025 జులై 22 నుంచి యూకేలో స్కిల్డ్ వర్కర్ వీసా, కొన్ని మినహాయింపులు తప్ప, డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఇస్తున్నారు. చెఫ్ పని ఆ మినహాయింపుల్లో లేదు. ఆ వీసా మీద కొత్తగా చెఫ్‌ని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. అంతకుముందే ఈ వీసాలో ఉన్నవాళ్లు రెన్యూ చేయించుకోవచ్చు, కాకపోతే జీతం నిబంధన ఒకసారి చూసుకోండి.

తందూర్ దగ్గర, దోసె పెనం దగ్గర నిలబడి రష్ తట్టుకునే మనిషి నెల రోజుల్లో తయారవడు. ఈ మాట మన ఎంపీలకు లెక్కలతో చెప్పాలి. అందుకే శనివారంలోపు ప్రతి ఒక్కరూ నాకు విడిగా మెసేజ్ చేయండి: కిచెన్‌లో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఖాళీలు, మనుషుల్లేక ఏ రోజు మూసేస్తున్నారు. స్టాఫ్ పేర్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు మాత్రం గ్రూప్‌లో పెట్టొద్దు.

ఇంకోటి. మనిషి దొరకట్లేదన్న టెన్షన్‌లో పని అనుమతి చూడకుండా ఎవరినీ పెట్టుకోకండి. మొదటి తప్పుకే ఒక్కో మనిషికి 45,000 పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు.

వచ్చేవాళ్లు 👍 పెట్టండి. కుదరకపోతే మీ మేనేజర్‌నైనా జాయిన్ అవమనండి.