వనపర్తి ప్యాలెస్‌లో రెండు గదులైనా చూడనివ్వండి

సంపాదకుడికి నమస్కారం.

ఏటా మాల వేసుకుని శబరిమల వెళ్లే మనవాళ్లు ఎర్నాకుళం మీదుగానే వెళ్తారు, వచ్చేటప్పుడు చోట్టానిక్కర అమ్మవారిని కూడా దర్శించుకుంటారు, కానీ అక్కడికి దగ్గర్లో త్రిపునితురలో ఉన్న హిల్ ప్యాలెస్‌కు వెళ్లొచ్చినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఈ మధ్య కుటుంబంతో వెళ్లి చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

1865లో కొచ్చిన్ రాజులు కట్టించుకున్న నివాసం అది. 54 ఎకరాలు, 49 కట్టడాలు. తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, 1986 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. రాజుల కిరీటం, సింహాసనం, ఆయుధాలు, నాణేలు, గుర్రపు బండ్లు అన్నీ దగ్గర నుంచి చూడొచ్చు. బయట జింకల పార్కు, పిల్లలు ఆడుకునే చోటు, ఔషధ మొక్కలు, ఎటు చూసినా పెద్ద పెద్ద చెట్లు. 2024 నుంచి మెట్రో కూడా త్రిపునితుర దాకా వస్తోంది. సోమవారం మాత్రం సెలవు, అది చూసుకుని వెళ్లండి.

ఆ వంశంలో రాజర్షి రామవర్మ అనే రాజు ఉండేవాడు. షొర్ణూర్ నుంచి ఎర్నాకుళానికి రైలు మార్గం వేయడానికి డబ్బు చాలకపోతే త్రిపునితురలోని పూర్ణత్రయీశ గుడి ఏనుగులకు కట్టే బంగారు నెత్తిపట్టాలు అమ్మించాడని అక్కడివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 1902లో ఆ రైలు వచ్చింది. సికింద్రాబాద్ నుంచి వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ త్రిస్సూర్ దాటాక ఎర్నాకుళం చేరేది ఆ దారిలోనే! త్రిపునితురలో పుట్టిన పిల్లలకు తమ రాజు ఏం చేశాడో తెలుసు, ఎందుకంటే ఆయన వంశం వాళ్లు ఉన్న ఇంట్లోకి టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లొచ్చు.

మరి మన పాలమూరు సంస్థానాల సంగతేమిటి? వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోట లోపల కూడా కాలేజీ పెట్టారు. ఇందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఎంతోమంది పేద పిల్లలు అక్కడ చదువుకుని బాగుపడ్డారు, ఆ కాలేజీలు అక్కడే ఉండాలి. కానీ విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల అని పేరు తెచ్చుకున్న ఊళ్లో, ఆ రాజులు ఏయే కవులను ఆదరించారో, చెరువులూ గుళ్లూ ఎవరు కట్టించారో ఒక పిల్లవాడు అడిగితే తీసుకెళ్లి చూపించడానికి ఒక చోటంటూ ఉండాలి కదా.

హిల్ ప్యాలెస్ అంత పెద్దది ఇప్పటికిప్పుడు కావాలని అడగడం లేదు. వనపర్తి ప్యాలెస్‌లో రెండు గదులు కేటాయించి, సంస్థానం నాటి ఫొటోలు, పత్రాలు, వస్తువులు సేకరించి పెట్టాలి. ఆదివారాలు, వేసవి సెలవుల్లో జనాన్ని లోపలికి రానివ్వాలి. చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో నీడనిచ్చే చెట్లు, కూర్చోవడానికి బెంచీలు వేయాలి. వచ్చినవాళ్లకు తెలుగులో వివరించే పని ఆ కాలేజీ విద్యార్థులకే అప్పగిస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. ముందు ఆ రెండు గదులు ఏవో పురావస్తు శాఖ, కాలేజీ వాళ్లు కూర్చుని తేల్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్