మగవాళ్ల ఆరోగ్యం ఏ డాక్టరు చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

మగవాళ్లు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్తారని, సిగ్గుపడి చెప్పుకోరని ఈమధ్య మీ పత్రికలో రాశారు. నిజమే. కానీ సిగ్గు విడిచి వెళ్లినవాళ్లకు అక్కడ ఏం జరుగుతోందో కూడా రాయాలి. నేను 22 ఏళ్లుగా డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్లు రాసిన చీటీలు రోజూ నా చేతికే వస్తాయి. వాటిని చూసి చూసి నాకు అర్థమైంది ఏమిటంటే, మగవాళ్ల ఆరోగ్యాన్ని చాలామంది డాక్టర్లు ఒక వైద్య విభాగంగా లెక్కలోకే తీసుకోవడం లేదు. వాళ్ల దృష్టిలో అది యూరాలజీలో, అంటే మూత్ర సంబంధ వైద్యంలో ఒక మూల, లేదంటే ‘ఆ సమస్యలు’.

పిల్లలు లేని ఒక జంట మా దగ్గరికి వచ్చారు. ఆమె చేతిలో లావుపాటి ఫైలు. రెండేళ్ల స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అన్నీ అందులో ఉన్నాయి. భర్తకు ఆ రోజే మొదటి వీర్య పరీక్ష. శాంపిల్ చల్లబడకూడదంటే డబ్బాని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్క వీర్యకణం కూడా లేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని మళ్లీ చూశాను. అప్పుడూ లేదు. రిపోర్టు తీసుకున్నాక ఆమె ఫైలు మూసి, “ఇది ముందే చేయించి ఉంటే...” అని ఆగిపోయింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

పిల్లలు పుట్టకపోవడానికి దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు నుంచి కూడా కారణం ఉంటుందని డాక్టర్లందరికీ తెలుసు. వీర్య పరీక్షకు సూది పోటు కూడా అక్కర్లేదు. అయినా అన్నీ అయ్యాకే రాస్తున్నారు. ఆ జంట వెళ్లేది గైనకాలజిస్టు దగ్గరికి. అక్కడ పేషెంటు ఆమె. భర్త పక్క కుర్చీలో కూర్చుని బిల్లు కట్టే మనిషి.

మా ఇంట్లోనే జరిగింది ఇంకొకటి చెప్తాను. మా అన్నయ్యకు 51వ ఏట అంగస్తంభన సమస్య మొదలైంది. ఎన్నో నెలలు లోపలే దాచుకుని, చివరికి ధైర్యం చేసి ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. “వయసు కదా, టెన్షన్ తగ్గించుకోండి” అని మాత్ర రాసిచ్చి పంపేశారు. బీపీ చూడలేదు, షుగర్ పరీక్ష రాయలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే గుండెపోటు వచ్చింది. దేవుడి దయ వల్ల బతికాడు. అప్పుడు పరీక్ష చేస్తే షుగర్ ఎప్పటినుంచో ఉన్నట్టు తేలింది.

ఇది తెలియని సంగతేమీ కాదు. అంగానికి రక్తం తీసుకెళ్లే ధమని 1-2 మిల్లీమీటర్లు ఉంటుంది, గుండె ధమనులు 3-4 మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకునే జబ్బు రెండుచోట్లా ఒకటే, కాకపోతే సన్నటి గొట్టం ముందు మొరాయిస్తుంది. అందుకే చాలామందిలో గుండె జబ్బు బయటపడడానికి రెండు మూడేళ్ల ముందే ఈ లక్షణం కనిపిస్తుంది. 1998లో అంగస్తంభన సమస్యకు సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర అమ్మకానికి వచ్చాక, ఎన్నడూ ఆస్పత్రి గడప తొక్కని మగవాళ్లు కూడా దానికోసం డాక్టర్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాడి జబ్బకి బీపీ పట్టీ చుట్టడానికి ఎంతసేపు పడుతుంది? మాత్ర రాసి పంపేస్తే అతను మళ్లీ రాడు.

నేను గౌరవించే ఒక పెద్ద డాక్టరుతో ఈ మాట అంటే, “వైద్యమంతా ఇన్నాళ్లూ మగవాళ్ల మీదే నడిచింది, మళ్లీ వాళ్లకో విభాగమా?” అన్నారు. అందులో న్యాయం ఉంది. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా పిల్లల్ని కనే వయసున్న స్త్రీలను కొత్త మందుల తొలి దశ పరీక్షల్లోకి రానివ్వలేదు. ఆ అన్యాయం ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. కానీ పరిశోధనకు మగ శరీరాన్ని వాడుకోవడం వేరు, మగవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ బాధేమిటని అడగడం వేరు.

డాక్టర్లు దూరంగా ఉండడానికి ఇంకో కారణం ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. మంచి డాక్టర్లు పట్టించుకోని ఈ చోటుని టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వ్యాపారం ఆక్రమించింది. నీరసమని చెప్పిన కుర్రవాడికి సాయంత్రం ఆరింటికి రక్తం తీయించి, హార్మోన్ తక్కువుందని ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఆ హార్మోన్ పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. రెండు వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే పరగడుపున చూడకుండా లోపం ఉందని తేల్చకూడదు. పైగా బయటి నుంచి హార్మోన్ ఎక్కిస్తే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాలు తగ్గి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. దీన్నే మగవాళ్ల గర్భనిరోధకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. బలం కోసం సూది వేయించుకుని, పెళ్లయ్యాక నా ముందు డబ్బా పెట్టినవాళ్లను చూశాను. మానేస్తే చాలామందికి కణాలు తిరిగొస్తాయి గానీ నెలలు పడుతుంది. ఇదంతా చూసి అసలైన డాక్టర్లు ‘మెన్స్ హెల్త్ అంటే వ్యాపారం’ అని ఇంకా దూరం జరుగుతున్నారు. ఆ దూరమే వ్యాపారులకు కలిసొస్తోంది.

మనసు సంగతీ అంతే. ప్రపంచం మొత్తం మీద ఆత్మహత్యల రేటు మగవాళ్లలో ఆడవాళ్లకంటే రెట్టింపు పైనే. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగానో తాగుడుగానో బయటపడుతుంది. తాగుడు మానమని చెప్పే డాక్టర్లు ఉన్నారు, ఎందుకు తాగుతున్నావని అడిగేవాళ్లు తక్కువ.

దారి లేక కాదు. ఐర్లాండ్ 2008లో ప్రపంచంలోనే మొదటిసారి మగవాళ్ల ఆరోగ్యానికి జాతీయ విధానం తెచ్చింది. తర్వాత బ్రెజిల్, ఆస్ట్రేలియా తెచ్చాయి. మగవాళ్ల పునరుత్పత్తి ఆరోగ్యాన్ని చూసే ఆండ్రాలజీ అనే శాస్త్రమూ ఉంది, జర్మనీలో దానికి ప్రత్యేక అర్హతే ఉంది. అందరికీ ఆండ్రాలజిస్టు కావాలని నేను అనడం లేదు. మెడికల్ కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఇది ఒక పాఠంగా చెప్పాలి. పిల్లలు లేని జంట వస్తే మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు రాయాలి. అంగస్తంభన సమస్యతో వచ్చినవాడికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడకుండా మాత్ర ఇవ్వకూడదు.

మీకూ ఒక మనవి. మీ డాక్టర్ సలహాల పేజీలో ఇలాంటి ప్రశ్నలన్నీ ‘దాంపత్యం’ శీర్షిక కింద వస్తున్నాయి. ఈసారి 50 ఏళ్లాయన ఎవరైనా అలా ఉత్తరం రాస్తే, దయచేసి గుండె డాక్టరుకు కూడా చూపించి జవాబు రాయించండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్