నాయనకు ఏ సీడీ ప్లేయర్ కొనాలంటే

డల్లాస్

తమ్ముడూ,

నాయనకు చేతిలో పట్టే సీడీ ప్లేయర్ ఇక్కడినుంచి పంపమని రాసినావు. అక్కడే కొనరా. ఇక్కడ ఇండ్లలో కరెంటు 120 వోల్టులు, కడపలో 230. అడాప్టరు మీద ‘ఇన్‌పుట్ 100-240’ అని రాసి లేకపోతే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది.

అన్నిటికంటే ముందు సెల్లు చూడు. ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. అది పోయిందంటే మార్చడం కష్టం. రెండు పెన్సిల్ సెల్లతో నడిచేది దొరికితే, పాతదైనా సరే, నేనైతే దాన్నే తీసుకోమంటాను. సెల్లు పెట్టే గదిలో స్ప్రింగులకు తెల్లపొడో పచ్చటి చిలుమో పట్టి ఉంటే మాత్రం వద్దు, సెల్లు కారినట్టు లెక్క.

అంగట్లో మూత తీసి సీడీని నడిమి బొడిపె మీద వేలితో నొక్కు. టక్కుమని కూర్చోవాలి, వదులుగా ఊగకూడదు. మొదటి పాట విని డబ్బులిచ్చేయొద్దు. సీడీని లోపలి అంచునుంచి బయటికి చదువుతుంది కాబట్టి అరిగిన సెట్టు చివరి పాటల్లోనే తడబడుతుంది. నిండా పాటలున్న సీడీ తీసుకుపోయి ఆఖరి పాట పెట్టించు. మనం కంప్యూటర్లో రాసుకున్న సీడీ కూడా ఒకటి వేసి చూడు, కొన్ని పాత సెట్లు వాటిని చదవవు.

బస్సులో వినాలంటే యాంటీ స్కిప్, అంటే కుదుపులకు పాట తెగకుండా చూసే ఏర్పాటు, ఉండాలి. సీడీని వేగంగా తిప్పి, రాబోయే కొన్ని సెకన్ల పాటను ముందే మెమరీలో పెట్టుకుంటుంది. కుదుపులు ఆగకుండా వస్తే ఆ నిల్వ అయిపోయి పాట తెగుతుంది. పైగా సెల్లు తొందరగా అయిపోతాయి, కొన్నిట్లో శబ్దం కూడా పలచబడుతుంది. అందుకని దాన్ని ఆపే బటన్ ఉన్నదే తీసుకో, ఇంట్లో ఆపేసి వినొచ్చు.

ఎంపీత్రీ సీడీలు, అంటే శబ్దాన్ని కుదించి ఎక్కువ పట్టించినవి, చదివేదైతే ప్రవచనాలకు బాగుంటుంది, 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 కిలోబిట్లు) ఒక సీడీకి దాదాపు 12 గంటలు పడతాయి. కచేరీలను మాత్రం అట్ల మార్చొద్దు. ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకు అయితే మధ్యలో చిన్న ఖాళీ వస్తుంది. నాయన చెవికి అది వెంటనే తగులుతుంది.

మన దుమ్ముకు సీడీ తుడవక తప్పదు. మెత్తని గుడ్డతో నడిమినుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా గీత పడితే పాట దారి వెంబడే పడి, సెట్టు సర్దుకోలేదు. అమ్మకు ఒక మాట చెప్పు: పేరు రాసే వైపు బాల్‌పెన్ను పెట్టొద్దు. వెండిలా మెరిసే పొర ఉండేది ఆ వైపే, పలచటి పూత కిందనే. మెత్తటి మార్కరుతో రాయమను.

మీ అక్క