హెంప్ లైసెన్సు ఏజెన్సీలోని గ్రామ సంఘాలకే ఇవ్వండి: గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట పాడేరు, చింతపల్లి ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలను ధ్వంసం చేశారు. ఆ పని అవసరమే. అయితే ప్రత్యామ్నాయంగా చూపిన కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ లోపు మైదానం నుంచి పెట్టుబడితో వచ్చే గంజాయి వ్యాపారికి అడ్డుకట్ట వేయడం పోలీసుల వల్ల మాత్రమే అయ్యేది కాదు. గంజాయి బరువు 20 కిలోలు దాటితే కనీస శిక్ష 10 ఏళ్లు. ఆ మూట మోసి పట్టుబడేది చాలాసార్లు గిరిజన యువకుడే కాగా, లాభం తిన్నవాడు చాలాసార్లు పట్టణంలో క్షేమంగా ఉంటాడు.

గంజాయి జాతికే చెందినా మత్తు పదార్థం లేశమాత్రంగా ఉండే హెంప్ రకాలను నార కోసం, విత్తనం కోసం పండించడానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 14వ సెక్షన్ ప్రభుత్వ అనుమతితో వీలు కల్పిస్తోంది. ఉత్తరాఖండ్ 2018లోనే ఈ సాగుకు లైసెన్సు ఇచ్చింది. హెంప్ విత్తనాన్ని, నూనెను, పిండిని ఆహారంగా అమ్ముకోవడానికి దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో అనుమతించింది. మన రాష్ట్రంలోనూ ఇటువంటి అనుమతి ఇచ్చే ఆలోచన చేస్తే, పంట కన్నా ముందు లైసెన్సు ఎవరి పేరున ఉండాలన్నది తేల్చమని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

బయటి కంపెనీకి లైసెన్సు ఇచ్చి గిరిజనులను కూలీలుగా పెట్టుకోమంటే, గంజాయి వ్యాపారంలో ఉన్న అమరికే చట్టబద్ధంగా మళ్లీ వస్తుంది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన, 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు ఏజెన్సీ భూమిని గిరిజనుల చేతిలోనే ఉంచాలని చెబుతున్నప్పుడు, ఆ భూమిపై పండే పంట లైసెన్సు మాత్రం మరొకరి చేతిలో ఉండటం సబబు కాదు. గ్రామ రైతు సంఘానికో, 1956 నుంచి ఏజెన్సీలో కొనుగోళ్లు చేస్తున్న గిరిజన సహకార సంస్థకో ఇవ్వండి. నార తీసే యంత్రం, నూనె గానుగ మండల కేంద్రంలోనే ఉంటే కూలీ, రవాణా కిరాయి, మిగులు లాభం అక్కడే తిరుగుతాయి. గోగునార తీసిన అనుభవం ఉత్తరాంధ్రకు కొత్తది కాదు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 2021 చట్టంలో చిన్న గంజాయి వ్యాపారాలకు 10 మంది ఉద్యోగుల పరిమితి పెట్టి, యజమానులు, ఉద్యోగుల్లో కనీసం 51 శాతం మంది ఆ ఊరివారో పక్క ఊరివారో అయి ఉండాలని నియమం చేసింది. అమ్మకాలపై 2 శాతం వరకు పన్ను వేసుకునే హక్కు ఆ ఊరి పాలకవర్గానికి ఇచ్చింది. అక్కడ అమ్ముడయ్యేది మత్తు సరుకే, మనకు అది వద్దు. స్థానికుల వాటాను చట్టంలోనే రాసి పెట్టిన పద్ధతి మాత్రం మనకు పనికివస్తుంది. ఆదాయంలో నిర్ణీత భాగం గ్రామసభకు చేరాలని, గంజాయి రవాణా కేసుల్లో చిక్కుకున్నవారి కుటుంబాలకు పనిలో ప్రాధాన్యం ఉండాలని నిబంధనల్లోనే రాయించండి.

హెంప్ చాటున గంజాయి పెంచుతారన్న భయం సహేతుకమే. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ధ్రువీకరించిన విత్తనం, కోతకు ముందు ప్రయోగశాల పరీక్ష, పొలాల హద్దుల నమోదు తప్పనిసరి కావాలి. హెంప్ పుప్పొడి సోకిన గంజాయి మొక్క గింజ పట్టి మత్తు తగ్గుతుంది కనుక, దొంగ సాగుదారుడికి హెంప్ పొలం మంచి పొరుగు కాదన్నది కూడా గుర్తించాలి. విత్తనం విషయంలో తొందర వద్దు: ఇక్కడి వాతావరణంలో మత్తు పరిమితి దాటని రకం దొరికే వరకు పరిశోధనా క్షేత్రం దాటి పోనివ్వకండి.

ముసాయిదా తయారైతే, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం ప్రకారం గ్రామసభల ముందు పెట్టి, తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒడియా భాషల్లోనూ చదివి వినిపించిన తరువాతే తుది రూపం ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఉత్తరాంధ్రకు చెందిన ఒక పౌరుడు